సీకే నాయుడు: రాజులకు దక్కని గౌరవం తెలుగువాడికి.. టీమిండియా తొలి కెప్టెన్ కథ ఇదీ!

అనంతపురం: 2024 సెప్టెంబర్‌లో అనంతపురం పేరు దేశవ్యాప్తంగా వినిపించింది. ఎప్పుడూ కరువు వార్తల్లోనే కనిపించే జిల్లా ఈసారి క్రికెట్ వార్తల్లోకి ఎక్కింది. ఆర్డీటీ స్టేడియంలో జరిగిన దులీప్ ట్రోఫీ మ్యాచ్‌ల కోసం శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్, మయాంక్ అగర్వాల్, సంజూ శాంసన్ లాంటి స్టార్లు ఇక్కడికి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల జనం స్టేడియం దగ్గరకు తరలివచ్చారు. చివరికి మయాంక్ సారథ్యంలోని ఇండియా-ఏ జట్టు ఇక్కడే ట్రోఫీ అందుకుంది.

ఆ టోర్నీలో ఏ జట్టు కెప్టెన్‌నూ నీది ఏ సంస్థానం, మీ నాన్న ఏ రాజు అని ఎవరూ అడగలేదు. ఆట వస్తే చాలు, జట్టును నడిపే సత్తా ఉంటే చాలు. ఇప్పుడు ఇది మనకు మామూలు విషయం. కానీ 1932లో పరిస్థితి ఇలా లేదు. భారత జట్టుకు కెప్టెన్ కావాలంటే మహారాజు కావాలి, కాకపోతే యువరాజైనా కావాలి. ఆ లెక్కను మొదటిసారి తప్పించింది ఒక తెలుగువాడు. ఆయనే కల్నల్ సీకే నాయుడు. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు.

దేశంలోని అండర్-23 కుర్రాళ్లు ఏటా ఆడే టోర్నీ పేరు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. ఆంధ్ర జట్టులో చోటు కోసం చెమటోడుస్తున్న సీమ కుర్రాళ్ల కళ్లు కూడా దాని మీదే ఉంటాయి. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మాత్రం చాలామందికి తెలిసింది తక్కువ.

బందరు మూలాలు.. నాగపూర్‌లో పుట్టుక

నాయుడు కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి. ఆయన తాత నారాయణస్వామి నాయుడు న్యాయవాది. నాగపూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కూడా లా చదివారు. అదీ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో. క్రికెట్ ప్రపంచాన్ని ఊపేసిన రంజిత్‌సింహ్‌జీతో ఆయనకు అక్కడే పరిచయం. అలా బ్యాటూ బంతీ ఆ ఇంట్లోకి ముందే వచ్చేశాయి.

1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో కనకయ్య పుట్టారు. హిస్లాప్ స్కూల్‌లో చదువుకుంటూనే జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆరడుగులు దాటిన ఎత్తు, నిటారైన నడక, పొడవాటి చేతులు. ఆ చేతుల్లోంచి వచ్చే షాట్లు చిన్నతనం నుంచే అందరి నోళ్లలో నానేవి. తమ్ముడు సీఎస్ నాయుడు కూడా తర్వాత భారత్ తరఫున 11 టెస్టులు ఆడారు. అంటే ఒకే తెలుగు ఇంటి నుంచి ఇద్దరు టెస్ట్ క్రికెటర్లు.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. నాయుడుది పేద కుటుంబం కాదు. చదువు, ఆస్తి, పరువు అన్నీ ఉన్న ఇల్లే. కానీ కిరీటం లేదు. ఆ రోజుల్లో భారత క్రికెట్‌కు డబ్బులు పెట్టేది రాజులు. జట్లను పోషించేది రాజులు. కాబట్టి పెత్తనం కూడా వాళ్లదే. లాయరు గారి అబ్బాయి ఎంత బాగా ఆడినా రాజు గారి వెనకే నిలబడాలి.

నాలుగో బంతికే సిక్సర్!

1916లో నాయుడు ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. అప్పట్లో బొంబాయిలో మతాల వారీగా జట్లు ఉండేవి. యూరోపియన్లు, హిందువులు, పార్సీలు, ముస్లింలు వేర్వేరు జట్లుగా ఆడేవారు. ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, అప్పట్లో దేశంలో అతి పెద్ద క్రికెట్ పండుగ అదే.

హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై నాయుడు తొలి మ్యాచ్ ఆడారు. జట్టు 79 పరుగులకే 7 వికెట్లు కోల్పోయి కష్టాల్లో ఉంది. తొమ్మిదో నంబర్ బ్యాటర్‌గా ఈ కుర్రాడు వచ్చాడు. మొదటి మూడు బంతులు జాగ్రత్తగా ఆపాడు. నాలుగో బంతిని నేరుగా సిక్సర్ బాదాడు. అవతల ఉన్నది దొరల జట్టు. ఆ ఒక్క షాట్‌తో ఆయన ఎలాంటి ఆటగాడో అందరికీ అర్థమైపోయింది. తర్వాత నలభై ఏళ్లు ఆయన ఆ తీరు మార్చుకోలేదు.

1923లో హోల్కర్ సంస్థానం నుంచి పిలుపు వచ్చింది. నాయుడు నాగపూర్ వదిలి ఇండోర్ చేరారు. హోల్కర్ సైన్యంలో ఆయనకు హోదా ఇచ్చారు. పేరు ముందు కల్నల్ అని చేరింది అలాగే. ఆ మాట ఊరికే బిరుదుగా మిగల్లేదు. టైమ్ అంటే టైమ్, ప్రాక్టీస్ అంటే ప్రాక్టీస్ అనే సైనిక పద్ధతి ఆయన కెప్టెన్సీలో చివరిదాకా కనిపించింది.

ఆ 11 సిక్సర్లు ఏం చేశాయంటే..

1926 చివర్లో ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్సీలో ఎంసీసీ జట్టు ఇండియాకు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. డిసెంబర్ 1న నాయుడు క్రీజులోకి వచ్చారు. ఆ తర్వాత జరిగింది బొంబాయి ఏళ్ల తరబడి చెప్పుకుంది. రెండు గంటలు కూడా పూర్తిగా పట్టలేదు. 116 నిమిషాల్లో 153 పరుగులు. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు!

టీ20లు చూసే ఈతరానికి 11 సిక్సర్లు పెద్ద వింత కాకపోవచ్చు. కానీ అప్పుడు సిక్స్ కొట్టడమే అరుదు. బరువైన ఆధునిక బ్యాట్లు లేవు, హెల్మెట్ లేదు, దగ్గరికి జరిపిన బౌండరీ తాళ్లూ లేవు. ఎంసీసీ వాళ్లు ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు.

ఆ ఇన్నింగ్స్ ఫలితం స్కోరుబోర్డుతో ఆగలేదు. ఇండియా టెస్ట్ క్రికెట్‌కు సిద్ధంగా ఉందన్న నమ్మకం గిల్లిగన్‌కు కలిగింది. దేశం మొత్తానికి ఒక బోర్డు పెట్టుకోండని ఆయన ఇక్కడి వాళ్లను ప్రోత్సహించారు. 1928లో బీసీసీఐ ఏర్పడింది. ఈరోజు ప్రపంచంలోనే ధనిక క్రికెట్ బోర్డుగా చెప్పుకునే ఆ సంస్థ పుట్టుకలో ఒక తెలుగు బ్యాటర్ మధ్యాహ్నపు మెరుపులకూ వాటా ఉంది.

1932: కెప్టెన్ ఎవరు? మహారాజులే క్యూ!

నాలుగేళ్లు గడిచాయి. 1932లో భారత జట్టు ఇంగ్లండ్ టూర్ ఖరారైంది. లార్డ్స్‌లో ఒకే ఒక టెస్ట్. భారత్‌కు అదే మొట్టమొదటి అధికారిక టెస్ట్. మరి కెప్టెన్ ఎవరు? దేశంలో బెస్ట్ ఆటగాడు నాయుడే అన్నది అందరికీ తెలుసు. అయినా కెప్టెన్సీ చర్చలో ఆయన పేరు ముందు వరసలో లేదు.

మొదట పటియాలా మహారాజు పేరు అనుకున్నారు. ఆయన తప్పుకున్నారు. పోర్‌బందర్ మహారాజు కెప్టెన్ అయ్యారు. ఆయన బావమరిది, లింబ్డీ యువరాజు ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్. ఆ తర్వాతి హోదా విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీకి ఇవ్వగా, ఆయన టూర్‌కు రానన్నారు. పైనున్న పేర్లన్నీ సంస్థానాలవే.

ఇక్కడ పోర్‌బందర్ మహారాజును మెచ్చుకోవాలి. తన ఆట ఎంతో ఆయనకు బాగా తెలుసు. ఆ టూర్‌లో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన చేసిన మొత్తం పరుగులు రెండు. అవును, రెండే. పరుగుల కంటే ఆయన దగ్గరున్న రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని అప్పట్లో జోకులు పేలాయి. కానీ ఆయన పదవి పట్టుకుని వేలాడలేదు. కొన్ని మ్యాచ్‌ల తర్వాత తనంతట తానే పక్కకు జరిగి, మైదానంలో జట్టు బాధ్యత నాయుడికి వదిలేశారు. టెస్ట్ ముందు లింబ్డీ నడుము నొప్పితో దూరమయ్యారు. దాంతో లార్డ్స్ టెస్ట్‌కు కెప్టెన్‌గా నాయుడు ఖాయమయ్యారు.

టెస్ట్ ముందు రాత్రి తిరుగుబాటు

అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. జట్టులో కొందరికి ఈ ఏర్పాటు నచ్చలేదు. రాజు కింద ఆడటానికి వాళ్లకు అభ్యంతరం లేదు. తమలాంటి మనిషి కిందే ఆడలేమన్నారు. నాయుడు కఠినంగా ఉంటాడన్న కోపం కూడా అందులో కలిసింది. టెస్ట్‌కు ముందు రాత్రి కొందరు ఆటగాళ్లు పోర్‌బందర్ మహారాజు దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారని క్రికెట్ చరిత్రకారులు రాశారు. ఆయన ఒప్పుకోలేదు. నాయుడి కిందే ఆడాలని తేల్చి చెప్పారు.

ఒక్కసారి ఊహించండి. దేశం ఆడే మొదటి టెస్ట్. ప్రత్యర్థి ఇంగ్లండ్. వేదిక లార్డ్స్. తెల్లారితే టాస్. జట్టులో సగం మందైనా మనస్ఫూర్తిగా వెంట ఉన్నారో లేదో తెలియని పరిస్థితి. అలాంటి జట్టును వెంటబెట్టుకుని 1932 జూన్ 25న నాయుడు లార్డ్స్ మైదానంలోకి దిగారు.

అరగంటలో ఇంగ్లండ్ 19/3

టాస్ గెలిచి ఇంగ్లండ్ బ్యాటింగ్ తీసుకుంది. ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్ మామూలోళ్లు కాదు. కొద్ది రోజుల ముందే ఈ ఇద్దరూ యార్క్‌షైర్ తరఫున తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు కొట్టారు. అలాంటి జోడీని మహమ్మద్ నిసార్ కాసేపట్లోనే పెవిలియన్‌కు పంపాడు. ఇద్దరూ క్లీన్ బౌల్డ్. ఆ వెంటనే వూలీ రనౌట్. ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు! కొత్త జట్టు కదా అని తేలిగ్గా చూసిన వాళ్లంతా నోరెళ్లబెట్టారు.

తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్ 79 పరుగులతో నిలబడ్డారు. ఇంగ్లండ్ 259కి ఆలౌటైంది. నిసార్‌కు 5 వికెట్లు. ఫీల్డింగ్ చేస్తుండగా నాయుడి చేతికి దెబ్బ తగిలింది. అయినా బ్యాటింగ్‌కు వచ్చారు. భారత్ చేసిన 189 పరుగుల్లో కెప్టెన్‌దే టాప్ స్కోరు, 40. రెండో ఇన్నింగ్స్‌లో అమర్ సింగ్ 51 కొట్టి భారత్ తరఫున తొలి టెస్ట్ హాఫ్ సెంచరీ నమోదు చేసినా, జట్టు 187కే పరిమితమైంది. 158 పరుగుల తేడాతో ఇంగ్లండ్ గెలిచింది.

ఓటమే. కానీ మూడు రోజులూ భారత్ ఎక్కడా తేలిపోలేదు. నిన్నటి దాకా ఈ కెప్టెన్ కింద ఆడమన్న వాళ్లు కూడా మైదానంలో ఆయన చెప్పిన చోటే నిలబడి పోరాడారు. నాయుడు నాయకుడిగా సాధించిన మొదటి విజయం అదే అనుకోవచ్చు. అది స్కోరుబోర్డులో కనిపించదు.

ఒక జిల్లాలో కొడితే ఇంకో జిల్లాలో పడిందట!

ఆ టూర్ మొత్తం నాయుడిదే. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు. ఐదు సెంచరీలు. లార్డ్స్‌లోనే ఎంసీసీపై 118 నాటౌట్. కొట్టిన సిక్సర్లు 32. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్, వీటికి తోడు కెప్టెన్సీ. నెలల తరబడి ఇంగ్లండ్ ఊళ్లన్నీ తిరుగుతూ ఆడిన సిరీస్ అది. అప్పటికి ఆయన వయసు 36 దాటింది.

ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్‌పై ఆయన కొట్టిన ఒక సిక్సర్ పక్కనే పారే రియా వాగు దాటి పడింది. ఆ వాగు అప్పట్లో రెండు కౌంటీలకు సరిహద్దు. అందుకే వార్విక్‌షైర్‌లో కొడితే బంతి వూస్టర్‌షైర్‌లో పడిందని జనం సరదాగా చెప్పుకునేవారు. మన దగ్గరైతే అనంతపురంలో కొడితే బళ్లారిలో పడిందన్నట్టు!

1933లో విజ్డెన్ పత్రిక ఆయన్ను ఆ ఏడాది ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది. అంతకుముందు రంజీ, దులీప్, పటౌడీ లాంటి భారతీయులకు ఆ గౌరవం దక్కింది. కానీ వాళ్లు పేరు తెచ్చుకున్నది ఇంగ్లండ్ క్రికెట్‌లో. భారత జట్టు కోసం ఆడి ఆ గౌరవం అందుకున్న మొదటి ఆటగాడు నాయుడే.

సొంతగడ్డపై జార్డిన్ సేనతో ఢీ

1933లో జార్డిన్ జట్టు ఇండియాకు వచ్చింది. ఆస్ట్రేలియాలో బాడీలైన్ సిరీస్‌తో పెద్ద గొడవ చేసి వచ్చిన కెప్టెన్ ఆయన. మూడు టెస్టులకూ భారత కెప్టెన్ నాయుడే. ఈసారి తాత్కాలికం కాదు. పూర్తిస్థాయి కెప్టెన్.

డిసెంబర్ 15న బొంబాయి జింఖానాలో భారత గడ్డపై తొలి టెస్ట్ మొదలైంది. రెండో ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్ అనే కుర్రాడు తొలి టెస్ట్‌లోనే 118 కొట్టాడు. అవతలి ఎండ్‌లో నిలబడి ఆ కుర్రాడిని నడిపించింది కెప్టెన్ నాయుడు. ఆయన చేసినవి 67. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. భారత్ తరఫున టెస్టుల్లో తొలి సెంచరీ అదే కావడంతో బొంబాయి జనం పండగ చేసుకున్నారు. అయినా మ్యాచ్ 9 వికెట్ల తేడాతో ఇంగ్లండ్‌కే దక్కింది.

కలకత్తాలో మాత్రం కథ మారింది. తలకు దెబ్బ తగిలినా దిలావర్ హుస్సేన్ కట్టుతో వచ్చి రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ హాఫ్ సెంచరీలు కొట్టాడు. భారత్ ఫాలోఆన్ ఆడి కూడా టెస్ట్‌ను డ్రా చేసుకుంది. భారత్ ఓడకుండా బయటపడ్డ మొదటి టెస్ట్ అదే. 1934 ఫిబ్రవరిలో మద్రాస్ టెస్ట్‌లో హెడ్లీ వెరిటీ స్పిన్ ముందు జట్టు నిలవలేకపోయింది. 202 పరుగులతో ఓటమి.

లెక్క చూస్తే కెప్టెన్‌గా నాయుడు ఆడించినవి 4 టెస్టులు. 3 ఓటములు, ఒక డ్రా. గెలుపు లేదు. దాచాల్సిన పనేం లేదు. కానీ అప్పటి భారత జట్టుకు ఏడాదికి ఒక్క టెస్ట్ దొరకడమే గగనం. అనుభవం లేదు, సరైన శిక్షణ లేదు, జట్టులో ఐక్యతా అంతంతే.

1936: తెలుగు గడ్డ నుంచే ఇంకో కెప్టెన్

1936 ఇంగ్లండ్ టూర్ వచ్చేసరికి పగ్గాలు మళ్లీ రాజుల చేతికి వెళ్లాయి. పటౌడీ నవాబు తప్పుకున్నాక విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీ కెప్టెన్ అయ్యారు. పూసపాటి వంశానికి చెందిన విజయానంద గజపతిరాజు ఈయనే. అంటే భారత తొలి టెస్ట్ కెప్టెన్ తెలుగువాడే. ఆయన తర్వాత పగ్గాలు పట్టింది కూడా తెలుగు సంస్థానం వ్యక్తే. ఇద్దరికీ పోలిక మాత్రం అక్కడితో సరి.

విజ్జీకి క్రికెట్ అంటే పిచ్చి. హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి దిగ్గజాలను ఇండియాకు రప్పించి తన సొంత జట్టులో ఆడించిన మనిషి. డబ్బు ఖర్చుకు వెనకాడలేదు. కానీ టెస్ట్ స్థాయి ఆట లేదు. మూడు టెస్టుల్లో ఆయన పరుగులు 33. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. ఫామ్‌లో ఉన్న అమర్‌నాథ్‌ను టూర్ మధ్యలోనే ఇంటికి పంపేశారు. బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర నాయుడిని అవమానించినందుకే ఒక ఆటగాడికి టెస్ట్ క్యాప్ దక్కిందని కూడా చెప్పుకున్నారు. తర్వాత జరిగిన బ్యూమాంట్ కమిటీ విచారణ విజ్జీ కెప్టెన్సీని తప్పుబట్టింది.

ఆ గొడవల్లో నాయుడు ఏం చేశారు? పదవి పోయిందని టూర్ మానేయలేదు. మాజీ కెప్టెన్‌గా వెళ్లి మామూలు ఆటగాడిగా ఆడారు. ఆగస్టులో ఓవల్‌లో ఆయన చివరి టెస్ట్. అప్పటికి 41వ ఏడు నడుస్తోంది. గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలింది. ఆయన క్రీజు వదల్లేదు. జట్టును ఓటమి నుంచి కాపాడాలని పోరాడి 81 పరుగులు చేశారు. ఆయన టెస్ట్ కెరీర్‌లో అదే అత్యధిక స్కోరు. టెస్ట్ మాత్రం చేజారింది.

హోల్కర్ జట్టు: 9 సీజన్లు, 8 ఫైనల్స్

టెస్టులతో కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. నాయకుడిగా నాయుడి అసలు సత్తా కనిపించింది ఇండోర్‌లో. టీమిండియాలో ఆయనకు దొరకనిది ఇక్కడ దొరికింది. తన మాట వినే జట్టు, దాన్ని తయారు చేసుకోవడానికి కావల్సినంత టైమ్.

ముస్తాక్ అలీ, సర్వతే, నింబాల్కర్ లాంటి వాళ్లతో హోల్కర్ జట్టును కట్టారు. 1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది రంజీ సీజన్లలో హోల్కర్ ఎనిమిది సార్లు ఫైనల్ చేరింది. నాలుగు సార్లు ట్రోఫీ గెలిచింది. 1945-46, 1947-48, 1950-51, 1952-53. చిన్న సంస్థానం జట్టు బొంబాయి లాంటి కొండను ఢీకొట్టి నిలిచింది.

ఆయన పద్ధతి సింపుల్. చెప్పింది ముందు తాను చేసి చూపించాలి. ఫిట్‌నెస్ విషయంలో మినహాయింపుల్లేవు. సోమరితనం కనిపిస్తే ఊరుకునేవారు కాదు. అందుకే ఆయనంటే భయం ఉండేది. కొందరికి కోపం కూడా ఉండేది. కలివిడిగా ఉండరని, పట్టింపు ఎక్కువని విమర్శలూ వచ్చాయి. వాటిలో నిజం లేదని చెప్పలేం. కానీ రూల్ అందరికీ ఒకటే, తనకూ అదే. 1945-46 ఫైనల్లో బరోడాపై ఆయన డబుల్ సెంచరీ కొట్టారు. సరిగ్గా 200. అప్పుడు ఆయన వయసు 50 ఏళ్లు!

1950ల మొదట్లో ఇంకో ఘటన. ఫాస్ట్ బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బంతి నాయుడి నోటికి తగిలింది. రెండు పళ్లు ఊడిపోయాయి. ఆయన డాక్టర్‌ను పిలవనివ్వలేదు. ఊడిన పళ్లను పిచ్ మీద నుంచి బ్యాట్‌తో పక్కకు నెట్టేశారు. పెద్దాయన కదా అని ఫడ్కర్ స్పీడ్ తగ్గించబోతే ఒప్పుకోలేదు, అంతే వేగంగా వేయమన్నారు. క్రికెట్ ప్రపంచంలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఇది. యాభై ఐదేళ్లు దాటిన కెప్టెన్ ఇలా నిలబడితే, పాతికేళ్ల కుర్రాడు చిన్న దెబ్బకు కూర్చుంటాడా?

ఆంధ్ర తరఫున.. చివరి అంకం

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. అనంతపురం కూడా ఆ రాష్ట్రంలో భాగం. అదే 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలి అడుగు వేసింది. అప్పటికి 58 ఏళ్లున్న నాయుడు ఆంధ్ర తరఫున బరిలో దిగారు. పుట్టింది నాగపూర్, పేరు తెచ్చింది ఇండోర్. అయినా తాతల నేల కొత్త జట్టు కట్టుకుంటుంటే వచ్చి నిలబడ్డారు.

అక్కడితోనూ ఆగలేదు. 1956-57లో, 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు. వినూ మన్కడ్ లాంటి మేటి స్పిన్నర్‌ను సిక్సర్లు బాదారు. చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 కొట్టారు. విధి విచిత్రం చూడండి, ఆ యూపీ క్రికెట్‌కు అప్పట్లో పెద్ద దిక్కు ఒకప్పటి కెప్టెన్ విజ్జీయే. 1963-64లో 68 ఏళ్ల వయసులో ఒక చారిటీ మ్యాచ్ కోసం నాయుడు మళ్లీ ప్యాడ్లు కట్టారు. 1916లో మొదలైన ఫస్ట్ క్లాస్ కెరీర్ 47 ఏళ్లు సాగిందన్నమాట.

1956లో కేంద్రం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా, బోర్డు ఉపాధ్యక్షుడిగా, రేడియో కామెంటేటర్‌గానూ పనిచేశారు. ఆయన కూతురు చంద్ర నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ కామెంటేటర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో సీకే నాయుడు కన్నుమూశారు. 1994 నుంచి బీసీసీఐ ఆయన పేరిట జీవిత సాఫల్య పురస్కారం ఇస్తోంది. తొలి అవార్డు అందుకుంది ఎవరో తెలుసా? బొంబాయి టెస్ట్‌లో ఆయన పక్కన నిలబడి సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్. 1996లో తపాలా శాఖ నాయుడు స్టాంప్ విడుదల చేసింది.

అంకెలు చెప్పనిది

టెస్టుల్లో నాయుడి రికార్డు చూస్తే 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, 9 వికెట్లు. సగటు 25. ఫస్ట్ క్లాస్‌లో 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. టెస్ట్ అంకెలు మాత్రమే చూసిన కుర్రాడికి ఇంత పేరెందుకన్న డౌట్ రావచ్చు. తొలి టెస్ట్ ఆడేనాటికే ఆయనకు 36 ఏళ్లు దాటాయి. మంచి వయసంతా దేశానికి టెస్ట్ హోదా లేకముందే గడిచిపోయింది.

అయినా ఆయన వదిలి వెళ్లింది పరుగులు కాదు. కెప్టెన్ కుర్చీ వంశానికి కాదు, ఆటకు చెందాలన్న మాట. 1932 జూన్‌లో ఆ మాట ఒక్క రాత్రిలో తేలిపోయి ఉండేది. 1936లో మళ్లీ వెనక్కి వెళ్లింది కూడా. తర్వాత మెల్లగా నిలబడింది. ఈరోజు టీమిండియా కెప్టెన్ రైల్వే టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన వాడైనా ఎవరూ ఆశ్చర్యపోరు. ధోనీ కథ అందరికీ తెలిసిందే.

వాన కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం పల్లెల్లో వేరుశనగ చేలు దాటుకుని గ్రౌండ్‌కు వచ్చే పిల్లలున్నారు. వాళ్ల ఇళ్లల్లో కిరీటాలు లేవు. కొందరి కాళ్లకు మంచి బూట్లు కూడా ఉండవు. రేపు వాళ్లలో ఒకరు సీకే నాయుడు ట్రోఫీలో ఆంధ్రకు కెప్టెన్ కావచ్చు. అప్పుడు ఆ కుర్రాడి తండ్రి ఎవరని కాదు, స్కోరెంత అనే అడుగుతారు. ఆ ప్రశ్న మారడానికే ఒక తెలుగు కల్నల్ లార్డ్స్ మెట్లు దిగాల్సి వచ్చింది.